మస్తాన్‌బీ టిక్కీ

1959 మార్చిలో నన్ను గుంటూరు జిల్లాలో ఒక తాలూకా ఆసుపత్రికి అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. మిరప కల్లాల కాలం. ఓపీకి వచ్చేవాళ్ళలో చాలామంది దగ్గుతూనే వచ్చేవారు. చీటీ మీద ‘మిరప ఘాటు’ అని రాసి, వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలో దగ్గు మిక్చరు పోయించి పంపేవాణ్ణి. నాది చురుకైన చెయ్యి అని పేరొచ్చింది. ఆ పేరంటే నాకు మహా ఇష్టంగా ఉండేది.

మస్తాన్‌బీ మిరపకాయల తొడిమలు తీసే కూలీ. రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ సీసా నింపించాను. మూడోసారి భర్త కరీం బండి మీద తెచ్చాడు. కాళ్ళు వాచాయి, రొప్పుతోంది. బల్ల మీద పడుకోమంటే ససేమిరా అంది.

“పడుకోదండీ. పది రోజుల్నుంచీ మిరప టిక్కీని కావలించుకుని కూర్చునే నిద్రపోతంది. నన్నెప్పుడన్నా అంత గట్టిగా పట్టుకుందాండీ?” అన్నాడు కరీం. టిక్కీ అంటే కాయలు తొక్కి నింపిన గోతం.

“సిగ్గులేదా నీకు, డాక్టరుగారి ముందర!” అని రొప్పుతూనే కసిరిందామె.

నవ్వబోయి ఆగిపోయాను. ముందుకు వాలితేనే ఊపిరాడుతోందంటే అది మిరప ఘాటు కాదు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. స్టెతస్కోపులో గుండె చప్పుడు గోడ అవతలి నుంచి వస్తున్నట్టుంది. గుండె చుట్టూ ఉండే సంచిలో నీరు చేరి, గుండెను నొక్కేస్తోంది. ఆలస్యమైతే మనిషి దక్కదు. కబురు పెడితే మా మెడికల్ ఆఫీసరుగారు వచ్చి, ఆమెనూ నా పాత చీటీలనూ చూసి, “ఏమోయ్, ఘాటుకి మెడ నరాలు ఉబ్బుతాయా?” అని మాత్రం అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన రొమ్ము ఎముక కింద సూది దించి, నెత్తురు కలిసిన నీరు లాగారు. కాసేపటికి నాడి నిలదొక్కుకుంది. ఆ నీటిలో క్షయ క్రిమి కనబడలేదు, చాలాసార్లు కనబడదు కూడా. సాయంత్రం జ్వరాలు, మెడలో గడ్డలు చూసి క్షయేనని తేల్చి, స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, మాత్రలు మొదలుపెట్టారు.

వార్డులోనూ ఆమెకు టిక్కీయే కావాల్సి వచ్చింది. కరీం తెచ్చేసరికి వార్డంతా ఒకటే తుమ్ములు. నర్సమ్మ నాలుగు చీవాట్లు పెట్టి, కొత్త గోతంలో పత్తి కుక్కించి తెమ్మంది. ఇంజెక్షన్లన్నీ పట్టుబట్టి నేనే వేశాను. “సీసాలు నింపడం కన్నా ఇది బాగా చేస్తన్నారు బాబూ,” అంది మస్తాన్‌బీ ఓ రోజు. ఆ మాటకు నొచ్చుకున్నాను, ఆమె మీద ఇష్టమూ పెరిగింది.

నయమై వెళ్తూ ఆ పత్తి టిక్కీని వార్డుకే వదిలేసింది. ఊరంతా దగ్గేచోట, ఊరి దగ్గు కానిది కూడా ఆ వరసలోనే నిలబడి వస్తుంది. రిటైరయ్యేదాకా, దగ్గుతో ఎవరొచ్చినా సీసా అందుకునే ముందు ఒక ప్రశ్న వేసేవాణ్ణి: “ఎలా పడుకుంటున్నావు?”