ఆస్పత్రి ముందు కట్టేసిన మైకు

ఏప్రిల్ వచ్చిందంటే కుశిమా రేవులో రెండు రకాల ఉగుయిసులు కూస్తాయి. కొండమీద కూసేది పిట్ట. ఎన్నికల వ్యాన్‌లో తెల్ల చేతితొడుగులు వేసుకుని, వీధివీధికీ అభ్యర్థి పేరు పాడుకుంటూ పోయేది ఆడమనిషి. ఆమెనీ ఊళ్ళో ఆ పిట్ట పేరుతోనే పిలుస్తారు. పిట్టకి పార్టీ లేదు, అది దాని అదృష్టం.

కినుకో ముప్ఫై ఏళ్ళుగా పాలక పార్టీ పిట్ట. మామూలు రోజుల్లో చేపల మార్కెట్టు పక్కన బట్టలుతికే దుకాణం నడుపుకుంటుంది. ఎన్నికలొస్తే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మైకు అందుకుంటుంది. ఆమె "వకాసుగి, వకాసుగి" అని పిలిస్తే వంటింట్లో ఉన్నవాళ్ళు చేతులు తుడుచుకుంటూ వీధిలోకి వచ్చేవారు. అది వకాసుగిని చూడటానికి కాదని వకాసుగికీ తెలుసు.

ఈసారి ప్రాంతీయ శాసనసభలో ఆ ఊరికున్న ఒక్క సీటుకి ముగ్గురు నిలబడ్డారు. చిన్న అఖాతాన్ని పూడ్చి పెద్ద ఓడల రేవు కట్టిస్తానని వకాసుగి, పూడ్చనివ్వనని ప్రతిపక్షాలన్నీ కలిసి నిలబెట్టిన ఇసోబె. మూడోవాడు సైకిలు మీద తిరిగే కుర్రాడు. పార్టీ లేదు, వ్యాను లేదు, ఓట్లు కూడా వచ్చేలా లేవు పాపం.

ఇసోబె వ్యాన్‌లో కూసేది కినుకో సొంత చెల్లెలు మసుయో. విద్య నేర్పింది అక్కే. "నోటితో కాదే, పొట్టలోంచి పలుకు. అవతలి వ్యాను ఎదురైతే వాళ్ళ అభ్యర్థికి శుభం చెప్పు. ఆస్పత్రి ముందు మాత్రం ప్రాణం పోతున్నా మైకు ముట్టుకోకు" అని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

మసుయో మొగుడు ఆల్చిప్పలు పెంచే తెప్పలన్నీ ఆ అఖాతంలోనే ఉన్నాయి. కిందటి ఎన్నికల ముందు ఆమె అటు మారిపోయింది. ఆ మాట అక్కకి అన్నం తింటూ చెప్పింది. కినుకో అప్పటికప్పుడు, "అయితే ఇక నా గడప తొక్కకు" అంది. మసుయో చారుగిన్నె కింద పెట్టి లేచి వెళ్ళిపోయింది. నాలుగేళ్ళయింది. గడప తొక్కలేదు, ఫోను ఎత్తలేదు, వీధిలో కనబడితే పక్క సందులోకి తప్పుకుంది.

ఈ చలికాలం డాక్టరు కినుకో గొంతులో గడ్డ చూశాడు. స్వరపేటిక తీసేయాలన్నాడు. పోలింగు దాకా ఆగమని ఆమె బతిమాలుకుంది. పార్టీవాళ్ళు దాన్ని విశ్వాసం అనుకున్నారు. వకాసుగి కళ్ళనీళ్ళతో వంగి దణ్ణం పెట్టాడు. పిచ్చివాళ్ళు. ఏ నోటితో చెల్లెల్ని గడప తొక్కొద్దందో ఆ నోటితోనే దాన్ని వెనక్కి తీసుకోవాలని ఆమె ఆగింది. వ్యాన్‌లో ఉన్నప్పుడైతే మసుయో తప్పుకోలేదు. ఎదురవ్వాల్సిందే, వినాల్సిందే.

ఎదురవుతూనే ఉన్నారు. వంతెన మీద, బడి మలుపులో, ఐసు ఫ్యాక్టరీ దగ్గర. "ఇసోబె గారికి మా శుభాకాంక్షలు" అని ఇటునుంచి, "వకాసుగి గారికి మా శుభాకాంక్షలు" అని అటునుంచి. పక్కన అభ్యర్థి, చుట్టూ ఊరంతా చెవులు. చెప్పాల్సిన మాట ప్రతిసారీ పెదాల దాకా వచ్చి ఆగిపోయేది.

"ఇసోబె బండి కనబడితే చాలు, నీ గొంతు బొంగురుపోతుందేంటక్కా?" అన్నాడు డ్రైవరు గెన్‌జి.

"గొంతుకి తాగే తేనె ముల్లంగి రసం అయిపోయింది, అంతే. నువ్వు రోడ్డు చూడు."

ప్రచారం ముగిసే రోజు మధ్యాహ్నం వకాసుగి కరచాలనాలకని మార్కెట్టు దగ్గర దిగాడు. ఇక ఆలస్యం చేయకూడదనుకుంది కినుకో. బండిని అఖాతం వైపు పోనిమ్మంది. ఆస్పత్రి మలుపు తిరిగేసరికి ఇసోబె ఆకుపచ్చ వ్యాను ఎదురొచ్చింది.

గెన్‌జి చెయ్యి అలవాటుగా మైకు కట్టేసింది. అటువైపూ కట్టేశారు. సన్నని రోడ్డు మీద రెండు బండ్లూ ఒకదాని పక్కనుంచి ఒకటి మెల్లగా జరుగుతున్నాయి. మీట కినుకో చేతికందేంత దూరంలోనే ఉంది. ఆమె పైకి చూసింది. వార్డు కిటికీల్లో రోగులు కనిపించారు. మీట ముట్టుకోలేకపోయింది. అద్దం దించి, తల బయటపెట్టి, ఉన్న గొంతంతా కూడదీసుకుని అరిచింది.

"మా-చాన్, ఇంటికి రావే."

చిన్నప్పటి ముద్దుపేరు. వచ్చింది సగం మాట, సగం గాలి. మసుయో ఆ చప్పుడుకి ఇటు తిరిగి నవ్వింది. ఏ కిటికీలో ఎవరున్నా ఓటరనుకుని నవ్వాలని అక్క నేర్పిన నవ్వే అది. తెల్ల తొడుగు చెయ్యి ఊపింది. బండి సాగిపోయింది.

మర్నాడు కినుకో నిద్రలేచేసరికి గొంతులో ఉన్న సగమూ పోయింది. ఆ రోజే పోలింగు, రాత్రికల్లా వకాసుగి గెలిచాడు. గెలిచాకే దిద్దాల్సిన రెండో కన్ను దరుమ బొమ్మకి దిద్దారు, అందరూ మూడుసార్లు జేజేలు కొట్టారు. కినుకో చేతులెత్తి నోరు తెరిచింది, అంతే. ఆపరేషను అదే ఆస్పత్రిలో జరిగింది.

కట్లు విప్పకముందే మసుయో వచ్చింది. ముడుచుకుని కుర్చీ అంచున కూర్చుంది.

"నువ్వేదో అరిచావని గెన్‌జి చెప్పాడు. ఎండకి కళ్ళు కనబడక ఆస్పత్రి కిటికీలో ఎవరో ఓటరనుకున్నా. ఏమన్నావక్కా? మళ్ళీ గడప తొక్కొద్దనేనా?"

కుట్లు లాగేట్టు కినుకో తల అడ్డంగా ఊపింది. పెదాలు కదిపింది, మళ్ళీ కదిపింది. మసుయో ఆ పెదాలకేసి చాలాసేపు చూసి, కళ్ళు తుడుచుకుంది.

"నాకు తెలియడం లేదక్కా. శ్రమపడకు, పడుకో. తెప్పలు విప్పేయమని కాగితం వచ్చింది, మీ మరిది ఒక్కడే ఉన్నాడు." దుప్పటి సర్ది లేచింది. తలుపు దగ్గర ఆగి, "వస్తానక్కా" అంది.

ఇంటికేనా అని అడగడానికి కినుకో నోరు తెరిచింది.