కాంటా మీద పెద్దమ్మ

మా వీధి పెద్దమ్మ పోయిన ఆదివారం పొద్దున కన్నుమూసింది. ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. అప్పటికే నేను దుకాణం తెరిచి, కాంటా తుడిచి పెట్టుకుని ఉన్నాను. ఇంకా రాలేదేమని పెద్దమ్మను నాలుగు మాటలు అనడానికి సిద్ధంగా కూడా ఉన్నాను.

ముత్తంగి దగ్గర మాది పాత ఇనుప సామాన్ల దుకాణం. పెద్దమ్మకు గుండె బలహీనం. ఒంట్లో నీరు చేరితే ముందు బరువులో తెలుస్తుందట. రోజూ బరువు చూసి యాప్‌లో ఎక్కించమని ఆస్పత్రిలో చెప్పారు. ఆమెది మీటలు నొక్కే పాత ఫోను, అందులో యాప్ రాదు. కోడలు తెల్లారకముందే కాజీపల్లి మందుల కంపెనీకి బస్సెక్కుతుంది. అందుకని యాప్ నా ఫోన్లోకి, పెద్దమ్మ నా కాంటా మీదికి వచ్చారు.

మొదటిరోజు ఎక్కడానికి జంకింది.

"పొద్దుగాలనే రోగిష్టిదాన్ని ఎక్కిచ్చుకుంటే నీ బోణి ఏం గావాలె రా?"

"ఇనుమెక్కినా నువ్వెక్కినా కాంటాకు ఒక్కటే. ఎక్కు పెద్దమ్మా."

ఆ రోజు నుంచి ఆమెతోనే నా బోణి. చెప్పులు విడిచి, తాళాలగుత్తి నా చేతిలో పెట్టి ఎక్కేది. బరువు చెప్పగానే బేరం మొదలుపెట్టేది. గోనెసంచికి తీసినట్టు తన చీరకూ తరుగు తియ్యాలట.

"గింత నేత చీర, దీని బరువు తియ్యవా?"

"తీస్త. నీ నాలుక బరువు కలుపుత."

ఉప్పు ఎక్కువ తిన్నారా అని యాప్ అడిగితే ఆమెకు ఒళ్లు మండేది. "గా ఫోనుకు నా కంచంల ఏం పని రా?"

ఆమెను ఆటపట్టించడానికి అప్పుడప్పుడు కాంటా అంచున బొటనవేలు ఆనించేవాణ్ని. ముల్లు లేచేది. "కాలు తియ్యిరా దొంగ" అనేది. తీశాక అసలు బరువు ఎక్కించేవాణ్ని.

వానాకాలంలో ఒకరోజు ముల్లు మామూలు చోటు దాటిపోయింది.

"కాలు తియ్యి."

వెనక్కి జరిగాను. "తీసిన."

"మరి చెయ్యి వెట్టినవా?"

చేతులు రెండూ పైకెత్తాను. ఆమె నవ్వింది. ముల్లు దిగలేదు. యాప్‌లో ఎక్కించగానే తెర ఎర్రబడి, వెంటనే ఆస్పత్రికి రమ్మంది.

"నువ్వే ఏదో జేసినవ్. నిన్ను నమ్మి దవాఖానకు పోతే నలుగురు నవ్వరా?"

"నా బోణి మీద ఒట్టు పెద్దమ్మా."

నవ్వు ఆగిపోయింది. నేను దేనితోనైనా ఆడతాను గాని బోణితో ఆడనని ఆమెకు తెలుసు. తాళాల కోసం చెయ్యి చాపి, "ఆటో పిలువు" అంది.

త్వరగా వచ్చి మంచి పని చేశారని డాక్టర్ అన్నాడట. ఒంట్లో నీరు తీసి ఇంటికి పంపారు. తిరిగొచ్చి కాంటా ఎక్కిన రోజు నాతో అన్న మాట మరిచిపోలేను: "నీ అసుంటోడు నిజం జెప్పిన నాడు మస్తు భయమైతది రా."

ఎండాకాలంలో ఆవకాయ పెట్టింది. జాడీ నాకిచ్చి, తాను వాసన మాత్రం చూసింది.

నిద్రలోనే పోయిందట. ముందురోజు బరువు మామూలుగానే ఉంది. యాప్‌కూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

పొద్దున్నే నా ఫోన్ ఇంకా ఆమె బరువు అడుగుతోంది. నిన్న దాన్ని చేతిలో పట్టుకుని కాంటా ముందు నిలబడ్డాను. రోడ్డు మీద లోడు లారీ పోతే నేల అదిరింది. ఖాళీ కాంటా ముల్లు కాస్త లేచి, ఊగి, దిగింది. కిందికి చూసుకున్నాను. నా కాలు దూరంగానే ఉంది.