డ్రైవరు వెనక సీటు

పోయిన శుక్రవారం తెల్లవారి నమాజు అయ్యాక మా వీధి మసీదు మైకులో ఒక చావు కబురు చెప్పారు. పేరు చెప్పారు గానీ వీధిలో ఎవరికీ వెంటనే తట్టలేదు. మైకు మళ్లీ గరగరమంది. "కడప బస్సు డ్రైవర్ సాబ్" అన్నారు. అప్పుడు ఒక్కొక్క ఇంటి తలుపూ తెరుచుకుంది.

ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. అయినా నాకూ ఆ కబురు మైకులోనే తెలిసింది. నిద్రలోనే పోయారట. ఆయన భార్య, మా చాచీ, ఎవరినీ లేపలేదు. తెల్లవారేదాకా మంచం పక్కనే కూర్చుందట. శ్మశానానికి మోసుకుపోతుంటే జనాజా వెంట బస్సు డిపో నుంచి ఖాకీ చొక్కాల్లో చాలామంది వచ్చారు. డ్యూటీ దిగి కొందరు, ఎక్కబోతూ కొందరు. ఆయనను వీధిలో మేమంతా డ్రైవరు చాచా అనేవాళ్లం. ఈ నాలుగు మాటలూ ఆయన గురించే.

చాచా ఉద్యోగం దాదాపు ఒకే దారిలో గడిచింది. కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప, మళ్లీ వెనక్కి. రిటైరయ్యాక కూడా ఆ దారి ఆయన ఒంట్లోంచి పోలేదు. సొంత ఇంటి గేటు దాటేటప్పుడు కుడీ ఎడమా చూసి గానీ అడుగు బయట పెట్టేవారు కాదు. వీధిలో ముందు ఒక ముసలమ్మ నడుస్తుంటే దాటి పోకుండా ఆమె వెనకే మెల్లగా నడిచేవారు. ఒకరోజు ఆఫీసుకు ఆలస్యమైందని నేను స్కూటరును తంతూ ఉంటే గోడ మీంచి తొంగిచూశారు.

"లేటయితే ఏమవుతాదప్పా? తిడ్తారు. తిట్లకు టైరు పగల్దు. నిదానంగా పో."

ఆ మాట నాకు ఇప్పటికీ పనికొస్తుంది.

చాచీ పుట్టిల్లు మైదుకూరు. పెళ్లికి ముందు, ఆమె పిల్లప్పుడే, నల్లమల ఘాట్‌లో వాళ్లు పోతున్న జీపు దొర్లింది. ఆమె చెల్లెలు అక్కడికక్కడే పోయింది. అప్పటి నుంచి ఆమె బండి ఎక్కడం మానేసింది. పెళ్లయ్యాక ఒక్క చాచా తోలే బస్సు మాత్రం ఎక్కేది. అదీ డ్రైవరు వెనక సీటులోనే, ఆయన మెడ కనబడేట్టు. ఆయనకు వేరే దారిలో డ్యూటీ పడితే పుట్టింట్లో పెళ్లయినా ఆమె పోయేది కాదు. పండక్కి పోవాలంటే డిపోలో ముందే చెప్పుకుని ఆయన ఆ డ్యూటీ వేయించుకునేవారు. అన్నేళ్లు ఒకే బస్సులో తిరిగారు గానీ దారిలో ఒక్క మాట మాట్లాడుకుని ఎరగరు. స్టీరింగు పట్టుకుంటే చాచా నోరు తెరిచేవారు కాదు. ఆయన రిటైరవడంతో ఆమె ప్రయాణాలు కూడా రిటైరయ్యాయి. కూరగాయల మార్కెట్టుకు కూడా నడిచే పోయేది.

హజ్‌కు పోవాలన్న కోరిక ఇద్దరిలో ఆమెకే ముందు పుట్టింది. చాచా గుండెకు మందులు మొదలుపెట్టిన ఏడాది, ఇంకా ఆలస్యం చేస్తే తాను తిరగలేనేమోనని ఆయనకు అనుమానం వచ్చింది. దరఖాస్తు నింపడానికి నన్ను పిలిచారు. వాళ్లిద్దరూ ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవారు. మేముంటే మర్యాదకు తెలుగులోకి వచ్చేవారు.

"విమానమా? నాతో కాదు," అంది చాచీ.

"మరి నడిచి పోతావా?" అన్నారు చాచా.

"పూర్వం ఓడలో పొయ్యేవాళ్లంట."

"ఓడ మాత్రం నేను తోల్తానా?"

"అదే చెప్తాండా. నువ్వు తోల్తాంటే చెప్పు, చందమామ కాడికైనా వస్తా. ఎవురో తోల్తే మైదుకూరికి కూడా రాను."

నాకు నవ్వొచ్చింది. చాచా నవ్వలేదు. గేటు దాకా వచ్చి, "ఆమెను ఈడ ఇడిసి నేనొక్కణ్ణే పోయి ఏం అడగల్లప్పా దేవుణ్ణి?" అన్నారు.

పాస్‌పోర్టు పని మీద ఇద్దరం ఒక ఇంటర్నెట్ సెంటరుకు పోయాం. కర్నూలులో అలాంటివి వీధికొకటి లేస్తున్న రోజులు. అక్కడ పక్క కంప్యూటరులో ఒకతను విమానం ఆట ఆడుతున్నాడు. తెర మీద రన్‌వే, ముందర గడియారాల్లాంటి మీటర్లు. చాచా మా పని మరిచిపోయి అతని వెనక నిలబడ్డారు. ఆట ముగిసేదాకా కదల్లేదు. బయటికొచ్చాక, "ఇట్లాంటిది ఇంట్లో పెట్టుకోవచ్చా?" అని అడిగారు.

కంప్యూటర్లు బిగించి ఇచ్చే శెట్టి అంగడి పాతబస్టాండు దగ్గర ఉండేది. అంతకుముందు అదే అంగడిలో ఆయన రేడియోలు, టేప్‌రికార్డర్లు అమ్మేవాడు. చాచా వయసు చూసి, "మనవళ్లకా, సాబ్?" అన్నాడు.

"నాకే. విమానం తోలల్ల."

శెట్టి కళ్లద్దాలు తీసి నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

"దానికి కంపెనీది పనికిరాదు సాబ్. గ్రాఫిక్స్ కార్డు వేరే వేయల్ల. ర్యాము ఎక్కువ పెట్టల్ల. ఒక్కొక్కటి తెప్పించి కట్టల్ల."

ఆ మాటతో చాచాకు ధైర్యం వచ్చింది. "బస్సూ అంతే గదప్పా. ఛాసీ ఒకసోట, బాడీ ఇంగొకసోట. కట్టించినదే గట్టిగుంటాది." ఇక ప్రతి భాగం గురించీ అడగడం మొదలుపెట్టారు. ఏది ఇంజను, ఏది డీజిలు ట్యాంకు, వేడెక్కితే నీళ్లు యాడ పొయ్యల్ల. శెట్టి విసుక్కోలేదు. నీళ్లు మాత్రం పొయ్యొద్దని రెండుసార్లు చెప్పాడు.

"గాల్లో ఉండంగ కరెంటు పోతే?" అన్నారు చాచా.

శెట్టి ఈసారి నవ్వాడు. "దానికి యూపీఎస్ ఉండాది సాబ్. మీరు దింపుకునేంత సేపు నిలబడ్తాది."

స్టీరింగు కావాలని చాచా పట్టుబట్టారు. శెట్టి హైదరాబాదు నుంచి తెప్పించాడు. అది కారు పందేల ఆటకు వాడేదని శెట్టికీ తెలియదు, మాకూ తెలియదు. ఇంట్లో అంతా బిగించి, బిస్మిల్లా అని చాచా కూర్చున్నారు. విమానం రన్‌వే మీద కదిలింది. స్టీరింగు కుడికి తిప్పితే కుడికి పోయింది, ఎడమకు తిప్పితే ఎడమకు. పైకి లేచే దారి మాత్రం లేదు. రన్‌వే అయిపోయింది, గడ్డి వచ్చింది, కంచె వచ్చింది. విమానం నేల మీద పోతూనే ఉంది. చాచా వేళ్లు స్టీరింగు నడిమధ్య హారను కోసం వెతుకుతున్నాయి.

వంటింటి గుమ్మంలోంచి చాచీ అంది: "ఇది మేలు. నేల మీదే పోతాది. ఇట్లయితే మక్కా దాకా ఎక్కుతా."

మర్నాడు స్టీరింగు వెనక్కిచ్చి జాయ్‌స్టిక్కు తెచ్చుకున్నాం. "ఇది గేరు రాడ్డు గదప్పా" అని కొంచెం చిన్నబుచ్చుకున్నారు గానీ విమానం లేచింది. చాచీని పిలిచి తన వెనక కుర్చీ వేశారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. విమానం పైకి పోయింది, మబ్బు వచ్చింది, తిరగబోయింది. అంతే, తెరంతా అడ్డం తిరిగి నేల మీదికి వచ్చేసింది. ఏదో పగిలిన చప్పుడైంది.

చాచీ లేచి నిలబడింది. "ఇదేనా నువ్వు తోలేది?" అని మాత్రం అంది. లోపలికి పోయి తలుపు వేసుకుంది. చాలా రోజులు ఆ గదిలో అడుగు పెట్టలేదు, హజ్ మాట ఎత్తనివ్వలేదు. దరఖాస్తు గడువు దగ్గర పడుతోంది.

చాచా తనకు తానే డ్యూటీ వేసుకున్నారు. సాయంత్రం ఎండ దిగగానే కూర్చునేవారు. గోడ అవతలి నుంచి మాకు ఇంజను మోత వినబడేది. వీధిలో వాళ్లు పైలట్ సాబ్ అనడం మొదలుపెట్టారు. ఆయనకు అది నచ్చలేదు. "పైలటంటే మంత్రి కారు ముందర జీపులో కుయ్ కుయ్ మంటా పొయ్యేటోడు. నేను డ్రైవర్ని" అనేవారు.

ఒక రోజు నన్ను పిలిచి, దీన్ని కడపలో దింపాలన్నారు.

"కడపే ఎందుకు చాచా?"

"ఆమె కండ్లకు తెలిసిన ఊరు కావల్లప్పా. తెలీని ఊర్లో దింపితే దిగినట్టే ఉండదు."

ఊర్ల పట్టికలో వెతికాం. కర్నూలు లేదు. అది తెలిసిందే, మనకు విమానాలెక్కడివి. 'కె' అక్షరం కింద కడప కూడా లేదు. చాచా ముఖం వాడిపోయింది. నేను ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే గోడ మీంచి కేక. "ఏమప్పా, మన బస్సు బోర్డు మీద ఇంగ్లీషులో ఏమని రాసుండేది? సీ గదా." నిజమే. ఊరి పేరు స్పెల్లింగు ప్రభుత్వం అప్పుడప్పుడే మార్చింది. కంప్యూటరుకు ఆ సంగతి ఇంకా తెలియదు. 'సి' కింద పాత స్పెల్లింగుతో కడప దొరికింది. అప్పట్లో నిజం కడపలో విమానాలు దిగేవి కావు, దిగే స్థలం మాత్రం ఉండేది. చాచాకు అది చాలు.

బాగా దింపడం వచ్చాక చాచీని మళ్లీ పిలిచారు. వద్దంటూనే వచ్చి ఆయన వెనక కుర్చీలో కూర్చుంది. నన్నూ నా భార్యనూ కూడా ఉండమన్నారు. ఆ సాయంత్రం నేను ఎదురుచూడనిది ఒకటి జరిగింది. స్టీరింగు ముందు ఎన్నడూ నోరు తెరవని మనిషి మాట్లాడటం మొదలుపెట్టారు.

"ఇప్పుడు పెద్ద మోతొస్తాది, భయపడద్దు. లేచేదానికి బలం కావల్ల గదా, అందుకు. ఇదో, ఈ గడగడ చక్రాలు లోపలికి పొయ్యే సప్పుడు. ఇంజను తగ్గినట్టుండాదా? ఆగిపోలేదు, నేనే తగ్గిచ్చినా. పైకి వచ్చేసినాం, ఇంగ అంత బలం అక్కర్లేదు."

మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. బల్ల కింద ఏదో కుయ్ కుయ్ మంది.

"అదేం సప్పుడు?" చాచీ కుర్చీ అంచు పట్టుకుంది.

"అది విమానానిది కాదు. మన వీధిది."

కొండలు పక్కకు జరిగాయి. రన్‌వే గీత మాదిరి కనబడి, పలక మాదిరి పెద్దదై, కిందికి వచ్చింది. రెండు కుదుపులు. విమానం నిలబడింది.

"యా ఊరు ఇది?"

"కడప."

"పెన్న యాడుండాది మరి?"

"ఎండాకాలం గదా, కనపడదు."

నా భార్య నవ్వింది. చాచీ కూడా కొంచెం నవ్వింది. మళ్లీ ముఖం మామూలైంది. "వాళ్ల విమానంలో నిన్ను ఆ సీట్లో కూర్చోనీరు గదా" అంది.

చాచా జాయ్‌స్టిక్కు వదిలి కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నారు. "కూర్చోనీరు. వాడు తోల్తాంటాడు, నేను నీకు చెప్తాంటా. బండిలో మనిషిని భయపెట్టేది సప్పుడే. దేని సప్పుడో తెలిస్తే భయమేముండాది?"

ఆమె కొంగు సర్దుకుంది. లేచి, "ఆ దరఖాస్తు యాడ పెట్టినావు?" అని అడిగింది.

ఆ ఏడాది హజ్ కమిటీ తీసిన లాటరీలో వాళ్ల పేర్లు వచ్చాయి. హైదరాబాదు దాకా చాచా శిష్యుడొకాయన బస్సు తోలాడు. ఆ ప్రయాణం ఎట్లా జరిగిందో నాకు తెలియదు. చాచీ దాని గురించి మాట్లాడటానికి ఇష్టపడదు. దారంతా కొంగు ముఖం మీద కప్పుకుందట. విమానం సంగతి మాత్రం తిరిగొచ్చాక, మక్కాలోని జమ్‌జమ్ బావి నీళ్లూ ఖర్జూరాలూ తెచ్చి మా అరుగు మీద కూర్చుని తానే చెప్పింది. చాచా పక్కనే ఉన్నారు.

లేచేటప్పుడు ఆమె కళ్లు మూసుకుందట. ఆయన చెవి దగ్గర చెబుతూనే ఉన్నారట. చక్రాలు లోపలికి పోతాండాయి. మబ్బులో పోతాండాం, గుంతల రోడ్డు మాదిరి ఉంటాది. ఇప్పుడు బెల్టు ఇప్పుకోమంటారు చూడు. ఆయన చెప్పినట్టే విమానంవాళ్లు అన్నారట. "రెండుసార్లు తప్పు చెప్పినాడు. నాకు తెలిసింది. అయినా మాటాడకుండా ఊఁ కొట్టినా" అంది చాచీ. చాచా ఆకాశం వైపు చూశారు.

జెడ్డాలో దిగాక సామాన్ల దగ్గర చాలాసేపు పట్టిందట. అక్కడి నుంచి మక్కాకు బస్సులు. ఎక్కమంటే అందరితో పాటు ఆమె ఎక్కేసింది. వెనక ఎక్కడో ఖాళీ ఉంటే పోయి కూర్చుంది. చాచా వచ్చి పక్కన కూర్చున్నారు. బస్సు కదిలింది. తోలేది ఎవరో, ఎట్లాంటివాడో ఆమె చూడనే లేదు. కొంతదూరం పోయాక గుర్తొచ్చిందట. మెడ ఎత్తి చూస్తే ముందంతా తలలే. డ్రైవరు కనబడలేదు.

"మరి భయం వేయలేదా?" అని నా భార్య అడిగింది.

"నిద్రొచ్చింది" అంది చాచీ.

ఆయన భుజం మీద తల వాల్చి మక్కా వచ్చేదాకా నిద్రపోయిందట. ఒకసారి మెలకువ వచ్చి చూస్తే చాచా నిద్రపోలేదు. ఆమె తల కదలకుండా భుజాన్ని అట్లాగే బిగబట్టుకుని, రెండు తలల సందులోంచి రోడ్డును చూస్తున్నారు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు కింద రేకును మెల్లగా నొక్కుతోంది.