స్పిన్‌లో పడ్డ అరిసెల బియ్యం

వాన పడితే ఎవరి వాకిట్లోనైనా నీళ్లు పారుతాయి. ఉప్పునుంతలలో మా వాకిట్లో ఒకసారి బియ్యం పారాయి. పారించింది నేనే. నవ్వండి, కాని చివరిదాకా విని నవ్వండి.

మా ఇంటికి బట్టల మిషన్ కొత్తగా వచ్చిన రోజులు. దాని రెండో తొట్టి మీద రాసిన మాటేమిటని మా ఆడబిడ్డ సుజాతను అడిగాను.

"స్పిన్, వదినా. ఉన్నకాడనే గిర్రున తిరుగుడు. బొంగరం తిరిగినా స్పిన్నే, క్రికెట్‌ల బాల్ మెలితిప్పి ఏసినా స్పిన్నే."

"మరి మీ అన్న పొద్దంత ఊరు తిరుగుతడు గద?"

"అది ఉత్త తిరుగుడు. స్పిన్ గాదు."

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త ఇంగ్లీషు పొద్దూ ఎరగదు, హద్దూ ఎరగదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో కవ్వం స్పిన్, విసుర్రాయి స్పిన్. పక్కింటి ఖాజాబీ నన్ను చూస్తే తలుపు వేసుకునేది.

ఆ వారమే సుజాతను సారెతో కొత్తకోటకు, అత్తగారింటికి పంపాలి. అరిసెలకు బియ్యం నానబోశాం. ముసురు పట్టింది. బియ్యం ఆరవే!

"నీళ్లు కారే బియ్యం గిర్నీల పిండి ఎవడు పడ్తడు? అరిసెలు లేకుంట పంపితే పిల్లకు జీవితమంత దెప్పుడే," అని అత్తమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పరేషాన్ గాకు అత్తమ్మా. స్పిన్ ఉంది గద," అన్నాను, వానదేవుడు నా మేనమామ అయినట్టు.

బియ్యాన్ని పాత పంచెలో పోసి, ఒంటిముడితో మూటగట్టి, తొట్టిలో పెట్టి, మీట తిప్పాను. మిషన్ పూనకమొచ్చిన శివసత్తులా ఊగింది. మూట ముడి వీడింది. నీళ్లు పోయే గొట్టంలోంచి బియ్యం బుసబుసా వాకిట్లోకి దూకాయి. వాడకట్టు కోళ్లన్నీ బొట్టు పెట్టి పిలిచినట్టు దిగాయి.

"ఏందే గిది?" అంది అత్తమ్మ.

"స్పిన్, అత్తమ్మా."

అత్తమ్మ గోడ పట్టుకుని కూలబడింది. "సుజాతా, నా తలకాయ గిర్రున తిరుగుతుందే. దీన్నేమంటరు?"

"అది గూడ స్పిన్నే అమ్మా."

ఎవరూ నేర్పకుండానే పెద్దామెకు స్పిన్ నాకంటే బాగా వచ్చేసింది.

కాని చూడండి, తొట్టిలో మిగిలిన బియ్యాన్ని అత్తమ్మ గుప్పిట పట్టి నలిపింది. మళ్లీ నలిపింది. "ఓసి నీ... ఆరినయే," అంది. ఆ సగంతోనే పిండి పట్టించి అరిసెలు వండాం. సారె వెళ్లిన మర్నాడే కొత్తకోట నుంచి వియ్యపురాలి ఫోన్: "గింత మెత్తగ ఎట్ల చేసిన్రు వదినా?"

"మా కోడలు స్పిన్ చేసింది," అంది అత్తమ్మ, పుట్టినప్పటి నుంచీ ఆ మాట తనదే అయినట్టు.

ఇప్పుడు ముసురు పడితే చాలు, ఖాజాబీ బియ్యం గిన్నెతో మా గడపలో నిలబడుతుంది. అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కొంపలు మునిగినా సరే, ఈ జన్మలో ఇంకెప్పుడూ ఒంటిముడి వేసి బియ్యం తిప్పను.