తడిగుడ్డ మీద పెట్టిన నెపం

రాజోలులో మా ఇంటి ముందుగదిలో కూర్చుని పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అత్తగారు వచ్చి నా పక్కన కూర్చునేవారు. తెర మీద ముఖాలు చూసి, ఈవిడ అల్లవరం వాళ్ళ ఆడపడుచనీ, ఆ పెద్దాయన తనకి వరసకు బావ అవుతారనీ చెప్పేవారు. ఎవరి ముఖం కాస్త ఎక్కువసేపు ఉంచాలో చాలాసార్లు ఆవిడ మాటల్ని బట్టే తెలిసేది.

ఒకరోజు అరగంటలో తయారవ్వాల్సిన వీడియో రెండు గంటలైనా పావు వంతు కూడా కాలేదు. చూస్తే, కంప్యూటర్‌లో వీడియో పనంతా చేసే గ్రాఫిక్స్ కార్డు వేగం మూడు వందల మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయి ఉంది. పని పడగానే అది పదిహేడు వందలు దాటాలి. పెళ్ళివారేమో ఆ సాయంత్రం దిండిలో రిసెప్షన్ పెట్టుకుని, వీడియో అక్కడ పెద్ద తెర మీద వేస్తామన్నారు.

ముందురోజు అత్తగారు గది తుడుస్తూ కంప్యూటర్ పెట్టెను కూడా తడిగుడ్డతో తుడిచారు. నాకు అదే గుర్తొచ్చింది. విసురుగా వంటింట్లోకి వెళ్ళాను.

"దాన్ని ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పేనండీ? ఇప్పుడు నా పనంతా పోయింది."

పక్కింటావిడ అక్కడే కూర్చుని ఉంది. అత్తగారు కొంగుకి చేతులు తుడుచుకుని, "దుమ్ముందని తుడిచేనమ్మా. ఇంక ముట్టుకోన్లే," అన్నారు.

పెట్టె విప్పితే లోపల ఎక్కడా తడి లేదు. అప్పుడైనా ఆగి ఆలోచించాల్సింది. ఆరిపోయి ఉంటుందనుకున్నాను. కార్డు ఊడదీసి మళ్ళీ బిగించాను, దానికి కరెంటిచ్చే వైరు మార్చాను, డ్రైవర్ తీసేసి కొత్తగా వేశాను. వేగం కదల్లేదు. చివరికి అమలాపురంలో కంప్యూటర్లు బాగుచేసే ఆయనకు ఫోన్ చేసి, అత్తగారి సంగతి కూడా చెప్పాను.

ఆయన అంతా విని, "తడి తగిల్తే ఇలా ఒకే అంకె మీద నిలబడదండీ. వేగం తగ్గించే ప్రోగ్రాం ఏదైనా మీరే వేసుకున్నారేమో చూడండి," అన్నారు.

వేసుకున్నాను. అంతకుముందు గాలివాన పట్టిన వారంలో కరెంటు పోతూ వస్తూ ఉంటే, కార్డు లాగే కరెంటుకి యూపీఎస్ తట్టుకోలేక ఒకటే అరిచేది. అందుకని వేగం మూడు వందలు దాటకుండా నేనే కట్టడి పెట్టాను. కంప్యూటర్ వేసినప్పుడల్లా అదే అమలయ్యేలా టిక్ కూడా పెట్టాను. ఆ తర్వాత రెండు వారాలూ అంత వేగం అక్కర్లేని ఫోటో ఆల్బమ్ పనే ఉండటంతో ఆ సంగతే మర్చిపోయాను.

టిక్ తీసేశాను. వేగం పెరిగింది. వీడియో భోజనాల వేళకి దిండి చేరింది.

మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు, తప్పు నాదేనని అత్తగారితో చెప్పాను. "ఆయ్, పోన్లే అమ్మా. పనయ్యింది కదా," అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. కానీ ఆ మధ్యాహ్నం ముందుగదిలోకి రాలేదు. అడిగితే కళ్ళు లాగుతున్నాయన్నారు. ఇప్పుడు ఎవరి ముఖమైనా గుర్తుపట్టమంటే గుమ్మం దగ్గరే నిలబడి చూసి, వరస చెప్పి వెళ్ళిపోతారు.

మాట అన్నది పక్కింటావిడ ఎదుట. తప్పు ఒప్పుకున్నది చాటుగా. మొన్న ఆ పక్కింటావిడ తన మనవలని కంప్యూటర్ జోలికి పోవద్దని కసురుతూ, మా అత్తగారు తడిగుడ్డతో తుడిచి పాడుచేసిన కథ చెబుతోంది. నేను గోడకి ఇవతల బట్టలు ఆరేస్తూ అంతా విన్నాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు.