నూకరత్నానికి వేసిన ఆకు

మా మనుమరాలు లలితతో కాలేజీ హాస్టల్ గదిలో ఉండే నూకరత్నం ఇక లేదన్న దుర్వార్త వినేసరికి నేను పొందూరులో మా వసారాలో పత్తి దువ్వుతున్నాను. కామెర్లు ముదిరి పోయిందట. ఇరవై ఏళ్లు నిండని పిల్ల! ఐదో తరగతితో బడి మానినదాన్ని, సంతాపం రాసేంత భాష నాకు లేదు. అయినా ఆమె సహపాఠులు తమ సంస్మరణ పుస్తకానికి రాయమని అడిగితే కాదనలేదు. తప్పు నాది గనుక.

లలితను శ్రీకాకుళంలో కాలేజీలో చేర్చిననాడు గది చూడడానికి నేనూ వెళ్లాను. రెండు మంచాలు. ఒకదాని మీద నల్లగా, బక్కపలచగా ఈ పిల్ల. పక్కన సంచిలో ఎండుచేపలు. సముద్రం మీద వేటకు వెళ్లే ఇంటిదని అడక్కుండానే తెలిసింది.

"ఒసే లలితా, నీ మంచం ఆ మూలకి లాగీసుకో. బట్టలకి కంపు పడతాది" అన్నాను, ఆమె వినేటట్టే.

నూకరత్నం లేచి తన మంచాన్నే గుమ్మం పక్కకు లాక్కుంది.

దసరా సెలవులకు లలిత ఆమెను మా ఇంటికి తెచ్చింది. మేమంతా కంచాల్లో తిన్నాం. మా కంచం ఆమె ముట్టడం ఇష్టంలేక ఆమెకు ఆకు వేశాను. లలిత ముఖం మాడ్చుకుంది. ఆ పిల్ల మాత్రం మెతుకు మిగల్చకుండా తిని, నా పక్కన వచ్చి కూర్చుంది. మా సన్ననూలు కోసం పత్తిని వాలుగ చేప దవడతోనే దువ్వుతాం. మా అమ్మా అలాగే దువ్వేది.

"మామ్మా, అది వాలుగ దవడ కదేటి?"

"అవునే. అయితే ఏటి?"

"ఏటీ లేదు. నా సంచిలో సేప కంపు కొడతాది, నీ సేతిలో సేప కొట్టదేటా అని సూస్తన్నాను" అని పకపకా నవ్వింది.

యాభై ఏళ్లుగా చేప ఎముక పట్టిన నా చేతిని ఆనాడే చూసుకున్నాను.

తర్వాతి సెలవులకు మూడు దవడలు కడిగి, ఎండబెట్టి, కాగితంలో చుట్టి తెచ్చింది. "ఇయ్యి అరిగీదాకా నువ్వుండాల మామ్మా" అంది. ఆ పూట ఆమెకు కంచం పెట్టాను. తప్పయిందన్న మాట మాత్రం నోట రాలేదు. ఆమె ఓణీకని నూలు వడకడం మొదలుపెట్టాను. చదువు పూర్తయిన రోజున ఓణీ ఇస్తూ ఆ మాటా అనేద్దామనుకున్నాను.

పెద్దకర్మకు భోగాపురం దగ్గర వాళ్ల ఊరు వెళ్లాను. వచ్చినవాళ్లంతా కాగితం ప్లేట్లలో తింటున్నారు. వాళ్లమ్మ నన్ను లోపల కూర్చోబెట్టి అరిటాకు వేసింది.

"మా రత్నం సెప్పీదమ్మా. పొందూరు మామ్మోళ్లందరూ కంచాల్లో తిని, నాకొక్కదానికే ఆకేసి సుట్టంలాగ పెట్టారని. ఎంత మురిసిపోనామో!"

నిజం చెప్పబోయాను. ఆ తల్లి ముఖం చూసి చెప్పలేకపోయాను.

అందుకే ఈ పుస్తకంలో రాస్తున్నాను. ఆ తల్లికి చదువు రాకపోతే ఎవరైనా చదివి వినిపించండి. అమ్మా, అది మర్యాద కాదు. నీ కూతురికి ఆ సంగతి ఆనాడే తెలుసు. తెలిసే, నీ దగ్గర నా పరువు నిలబెట్టింది. అంత పెద్ద మనసున్న పిల్లను నేను మళ్లీ చూడబోను.

ఓణీ నూలు సగంలో ఉంది. అది పూర్తిచేస్తాను. అది ఇంకెవరికీ కాదు.