మంచులో పోయిన ముత్యం

ఒక గాడిద చావు నా ఆరేళ్ల పంతాన్ని ఒక్క మధ్యాహ్నంలో మంటగలిపింది. అది నిజం గాడిద కూడా కాదు, సినిమా గాడిద. నవ్వండి. నారాయణరావుపేటలో ఇప్పటికీ నవ్వుతున్నారు, మీరు కొత్తగా చేసే నష్టం ఏమీ లేదు.

ముందు ఆ పంతం సంగతి చెప్పాలి. నా భార్య సుజాతకు ముత్యం అని ఒక పెదనాన్న ఉన్నాడు. నారాయణరావుపేటలో వ్యవసాయం. ఆయన తన కొడుకు పెళ్లికార్డు మీద అల్లుళ్ల పేర్లన్నీ వరసగా వేయించి, నా దగ్గరికి వచ్చేసరికి "తదితరులు" అని ముగించాడు. అల్లుళ్లం ఐదుగురం. కార్డులో నాలుగు పేర్లు, ఒక తదితరులు. అంటే ఆ బహువచనమంతా నేనొక్కడినే. ఆ కార్డు ఇప్పటికీ నా బీరువాలో ఇంటి కాగితాల పక్కన భద్రంగా ఉంది. ఆయనే వచ్చి తప్పయిందని ఒప్పుకునేదాకా ఆయన గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను. దారిలో ఎదురుపడితే స్కూటర్ దిగి, టైర్లలో గాలి ఉందో లేదో చూసుకునేవాడిని.

ఇక గాడిద. నాలుగేళ్ల కింద ఒక ఆదివారం, అప్పటికి ఎనిమిదేళ్లున్న మా చిన్నిని సిద్దిపేటలో పిల్లల సినిమాకు తీసుకెళ్లాను. చల్లగా ఉంటుంది, కునుకు తీయొచ్చని నా ఆలోచన. సినిమాలో ఇల్లు తప్పిపోయిన ఒక పాప, ఆమెను మోసుకెళ్లే రెక్కల గాడిద. తెల్లగా ఉంటుంది కాబట్టి తెలుగులో మాటలు రాసిన మహానుభావుడు దానికి ముత్యం అని పేరు పెట్టాడు. లోకంలో పేర్లకు కరువొచ్చినట్టు.

ఎగిరిన ప్రతిసారీ దానికి ఒక ఈక రాలిపోతుంది. ఆఖరి ఈక కూడా రాలాక మంచుకొండ మీద దిగి, "అదిగో మీ ఇంటి దీపం. ఇక్కడినుంచి నడవగలవా?" అంటుంది.

"మరి నువ్వు?"

"కాసేపు పడుకుంటాను. వెనక్కి మాత్రం చూడకు."

పాప నడుస్తూ "ముత్యం, ఉన్నావా?" అని అడుగుతుంది. "ఉన్నాను" అంటుంది గాడిద. మళ్లీ అడుగుతుంది. "ఉన్నాను." ప్రతిసారీ ఆ గొంతు కొంచెం సన్నబడుతుంది. దీపం దగ్గరికి చేరి ఇంకోసారి అడిగితే గాలి చప్పుడే వినిపించింది.

ఎండిన బోరుకు మోటారు వేస్తే ముందు గుర్రుగుర్రుమని గాలి వచ్చి, తర్వాత ఒక్కసారిగా నీళ్లు తన్నుకొస్తాయి చూశారా? నా ఏడుపు అలా వచ్చింది.

"బాపూ, మెల్లగ ఏడువు. అందరు సూస్తున్నరు," అంది చిన్ని, పాప్‌కార్న్ పొట్లం కాగితం నా చేతిలో పెడుతూ.

సరిగ్గా అప్పుడే సుజాత ఫోన్ చేసింది.

"వచ్చేటప్పుడు పెరుగు పాకిట్ తే. ఏందయ్యా, గట్లేడుస్తున్నవేంది?"

"పోయిండు సుజాతా. ముత్యం పోయిండు."

గాడిద కాబట్టి 'పోయింది' అనాలి. అంత దుఃఖంలో వ్యాకరణం ఎవరికి గుర్తుంటుంది?

"అయ్యో. ఎట్ల పోయిండు?"

"మంచుల పండుకున్నడు. గట్లనే పోయిండు."

నేను మంచు అన్నాను. ఆమె మంచం అనుకుంది. వెనక సీటాయన "ఏడిస్తే ఏడ్సినవ్, ఫోనన్న బంద్ చెయ్యన్నా," అనడంతో ఫోన్ ఆపేశాను. మళ్లీ వేయడం మరిచాను.

పెరుగు పాకెట్‌తో ఇంటికొస్తే తాళం. పక్కింటి టైలర్ ఖాజా భాయ్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"మీ ముత్యం మామ పోయిండంట గద భాయ్. మీవోళ్లందరు ఆటోల నారాయణరావుపేట పోయిన్రు. నువ్వింక గీడనే ఉన్నవేంది?"

ఈ కబురు ఎవరు చెప్పారని అడిగే తెలివి నాకుంటే ఈ కథే లేదు. ఒకే పూట ఇద్దరు ముత్యాలు పోయారు, ఏం విడ్డూరమో అనుకుని చిన్నిని వెనక ఎక్కించుకుని స్కూటర్ తీశాను. దారంతా ఒకటే గుర్తొచ్చింది. చిన్ని పుట్టినప్పుడు దవాఖాన మెట్ల మీద మూడు రాత్రులు తువ్వాల పరుచుకుని పడుకున్నది ఆయనే. ఆ సంగతిని ఇన్నేళ్లూ తదితరుల్లో పడేసింది నేనే.

వాకిలి నిండా చుట్టాలు. ఒట్టూ గిట్టూ మరిచి, చేతిలో పెరుగు పాకెట్‌తోనే ఏడుస్తూ లోపలికి ఉరికాను. "మామా, ఒక్కసారి లేవరాదే."

"లేసే ఉన్న అల్లుడా. కూసో," అన్నాడు ముత్యం మామ, కుర్చీలో చాయ తాగుతూ. "నన్ను సంపింది నువ్వేనంట గద."

సుజాత కళ్లతోనే నన్ను కాల్చింది. "మంచంల పోయిండని నువ్వే గద చెప్పినవ్. పెద్దమ్మకు ఫోన్ చేస్తే ఎత్తకపాయె. సావు ఇంట్ల ఫోనెవరెత్తుతరనుకున్న."

"మంచం గాదమ్మా, మంచు," అంది చిన్ని. "సచ్చిపోయింది గాడిద. దాని పేరు గూడ ముత్యమే."

మామ చాయ గ్లాసు కింద పెట్టాడు.

"గాడిద కోసం గింత ఏడ్సినోడు, ఆరేండ్ల సంది నా మొకం సూడకపాయె," అన్నాడు మామ. "మరి ఇప్పుడెవరి కోసం ఏడ్సుకుంట వచ్చినవ్?"

"గాడిద కోసమే," అన్నాను. ఆయన నమ్మలేదు. నాకూ ఒక చాయ తెమ్మన్నాడు.

అప్పుడు దిగాడు సుజాత తమ్ముడు శ్రీను. సిద్దిపేటలో ఫ్లెక్సీలు, పెళ్లికార్డుల షాపు వాడిది. పెద్దబాపు బతికే ఉన్నాడన్న కబురు వాడికి అందలేదు. చంకలో ఫ్లెక్సీ చుట్ట, చుట్టలో అశ్రునివాళి. మామ దాన్ని విప్పించి, అద్దాలు పెట్టుకుని, "ఫొటో మంచిగనే వడ్డది," అన్నాడు. తర్వాత కింద పేర్ల మీద వేలు పెట్టి చివరిదాకా చదివాడు.

"అల్లుడా, గిండ్ల నీ పేరు కనబడ్తలేదేంది?"

"ఉన్నది మామా. ఆఖరున సూడు."

తదితరులు.

"జల్దీల లగ్గం కార్డు ఫైలే తీసి పైన ముచ్చట మార్చిన బావా," అన్నాడు శ్రీను. "పేర్లు గవే ఉంచిన."

ఆ మనిషి కోసం అందరికన్నా ముందు ఏడ్చినవాడిని నేను. ఒక్క పూటలో రెండుసార్లు ఏడ్చినవాడిని. అందుకే ఆ రోజు నా చేతిలో పగిలిపోయిన పెరుగు పాకెట్ సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ సినిమాలో ఏ జీవి పోయినా, దాని పేరు మా చుట్టాల పేర్లతో సరిచూసుకుంటే తప్ప కంట నీరు పెట్టను.

పాత ఒట్టు తీసేశానని మాత్రం అనుకోకండి. ముత్యం మామ ఇంకా తప్పు ఒప్పుకోలేదు. అందుకే ప్రతి ఆదివారం వాళ్లింటికి వెళ్లినప్పుడు గడప దాటుతాను. తొక్కను.